నాన్నగారి 386కి ర్యామ్: పాత మెమరీ చిప్పులకు ఎంత ఇవ్వచ్చు?

ప్రశ్న: మా నాన్నగారు 1993లో చిన్న డీటీపీ సెంటర్ పెట్టారు. షాపు ఎప్పుడో మూసేశాం కానీ అప్పటి 386డీఎక్స్ కంప్యూటర్ అటక మీద ఉండిపోయింది. ఈమధ్య కిందికి దించి, దుమ్ము దులిపి ఆన్ చేస్తే మొదట్లోనే మెమరీ ఎర్రర్ అని చూపించి ఆగిపోతోంది. లోపల 30 పిన్నుల ర్యామ్ స్టిక్కులు నాలుగున్నాయి, ఒక్కోటి 1 ఎంబీ. కనీసం రెండు మార్చాలేమో అనుకుంటున్నాను. సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒకాయన ఒక్కో స్టిక్కుకు 1,200 రూపాయలు చెబుతున్నాడు, టెస్ట్ చేసి ఇవ్వడట. "ఆ రోజుల్లో ఇవి వేలల్లో ఉండేవి, ఇప్పుడు ఎక్కడా దొరకవు" అంటాడు. విదేశీ సైట్‌లో 4 ఎంబీవి నాలుగు కలిపి 45 డాలర్లకు ఉన్నాయి, పంపడానికి ఇంకో 25 డాలర్లు. టెస్ట్ చేశామని రాశారు. ఇంకో సంగతి: అదే షాపాయన దగ్గర తెల్లటి పింగాణీ మీద బంగారు మూత ఉన్న చిప్పులు ఒక ట్రే నిండా ఉన్నాయి. "పాత మెమరీ చిప్పులు, యాంటిక్, బంగారం కూడా ఉంటుంది" అని మొత్తానికి 20,000 అడుగుతున్నాడు. కొనమంటారా? అసలు వీటికి సరైన ధర ఎంతో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తాను. టెస్ట్ చేయని 1 ఎంబీ స్టిక్కుకు 1,200 ఇవ్వకండి. ట్రే విషయంలో చిప్పుల మీద నెంబర్లు చదవకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. విదేశీ సెట్టు ధర మాత్రం న్యాయంగానే ఉంది, కాకపోతే మీ అవసరానికి అంత కావాలా అన్నది చూడాలి.

డబ్బు తీసే ముందు ఒక పని చేయండి. ఆ కాలపు 386 బోర్డుల్లో చాలావాటి మీద చిన్న పీపా ఆకారంలో నికెల్ కాడ్మియం బ్యాటరీ అతికించి ఉంటుంది, ఎక్కువగా కీబోర్డు సాకెట్ దగ్గర. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉంటే అది కారి, చుట్టుపక్కల రాగి గీతలను తినేస్తుంది. పచ్చగానో నీలంగానో పొడి కనిపిస్తే మీ సమస్య ర్యామ్ కాకపోవచ్చు. అప్పుడు ముందు ఆ బ్యాటరీని తీయించి, ఆ చోటు శుభ్రం చేయించాలి. బ్యాటరీ బాగానే ఉంటే కంప్యూటర్ ప్లగ్ పీకేసి, నాలుగు స్టిక్కులూ తీసి వాటి అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టి చూడండి. ఎర్రర్‌లో చూపించే అంకెలు మారితే తప్పు స్టిక్కులో ఉన్నట్టు. ఏమాత్రం మారకపోతే బోర్డు మీదో, స్లాట్ మీదో అనుమానపడాలి. స్లాట్ పక్కన ఉండే ప్లాస్టిక్ కొక్కేలు ఇన్నేళ్లకు పెళుసెక్కి ఉంటాయి. తీసేటప్పుడు రెంటినీ ఒకేసారి, మెల్లగా పక్కకు జరపండి. తుడిచి మార్చి పెట్టగానే పనిచేసిన మెషీన్లు చాలా ఉన్నాయి. అలా జరిగితే మీకు ఖర్చే లేదు.

తుడిచినా కొనక తప్పదనుకుందాం. ఇక ధర సంగతి.

"అప్పట్లో వేలల్లో ఉండేవి" అన్న మాట నిజమే, కానీ ఇప్పటి ధరకూ దానికీ సంబంధం లేదు. ర్యామ్ ధరలు అప్పుడు ఎందుకు అంత ఉండేవో చూస్తే ఇది తెలుస్తుంది. 1993 జులైలో జపాన్‌లోని నీహమా ఊళ్లో సుమిటోమో కెమికల్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. చిప్పుల మీది నల్లటి తొడుగుకు వాడే ఎపాక్సీ రెసిన్‌లో ప్రపంచ అవసరాల్లో సగానికి పైగా అక్కడి నుంచే వచ్చేది. సరుకు ఆగిపోతుందన్న భయంతో వారాల్లోనే ర్యామ్ ధరలు ఎగిశాయి. మీ నాన్నగారు షాపు పెట్టింది సరిగ్గా ఆ ఏడాదే, పాత బిల్లు దొరికితే ఒకసారి చూడండి. అంతకుముందు 1988లో కూడా ఇలాంటి కరువే వచ్చింది, దాని వెనక 1986లో అమెరికా, జపాన్ కుదుర్చుకున్న సెమీకండక్టర్ ఒప్పందం ఉంది. తర్వాత 1996లో సరుకు ఎక్కువై ధరలు కుప్పకూలాయి. ఆ ధరలన్నీ ఆయా రోజుల్లో కొత్త చిప్పు తయారీకీ, గిరాకీకీ మధ్య నడిచిన లెక్క. ఇప్పుడు ఏఐ సర్వర్ల పుణ్యమా అని కొత్త డీడీఆర్ ర్యామ్ రేట్లు పెరిగాయి కదా, దాన్ని చూపించి కూడా కొందరు పాత సామాన్ల రేటు పెంచుతున్నారు. 30 పిన్నుల స్టిక్కును ఏ సర్వర్‌లోనూ పెట్టరు. ఆ వాదన వినాల్సిన పని లేదు.

మరి ఇప్పుడు ధర దేన్ని బట్టి నడుస్తుంది? ఈ ముక్క లేక ఆగిపోయిన మెషీన్లు ఎన్ని ఉన్నాయి, డ్రాయర్లలో పడి ఉన్న స్టిక్కులు ఎన్ని ఉన్నాయి అన్నదాన్ని బట్టి. పాతదనం ఒక్కటే ధర తేదు. 256 కేబీ స్టిక్కులు మీ 1 ఎంబీ స్టిక్కుల కంటే పాతవి. అయినా వాటికి దాదాపు విలువ లేదు. కారణం తేలికే: 80ల చివర్లో, 90ల మొదట్లో అందరూ మెమరీ పెంచుకున్నారు, పెంచుకున్నప్పుడు తీసేసినవి అవే. డబ్బాల కొద్దీ మిగిలిపోయాయి. దానికి పూర్తిగా అటు చివర 30 పిన్నుల 16 ఎంబీ స్టిక్కు ఉంది. అది వచ్చేసరికి కొనగలిగినవాళ్లు తక్కువ, పైగా మార్కెట్ అప్పటికే 72 పిన్నుల స్టిక్కుల వైపు మళ్లింది. అందుకే అవి కొన్నే తయారయ్యాయి, ఇప్పటికీ ప్రియమే. అందువల్ల "ఎంబీకి ఇంత" అని లెక్క కట్టడం ఇక్కడ కుదరదు. 16 ఎంబీది 1 ఎంబీ దానికి పదహారు రెట్లు ఉండాలని ఏమీ లేదు, అంతకన్నా ఎక్కువా ఉండచ్చు, తక్కువా ఉండచ్చు. 1 ఎంబీ స్టిక్కులు మాత్రం ఈ రెండిటికీ మధ్యలో, తేలిగ్గా దొరికే రకం. "ఎక్కడా దొరకవు" అన్నది నిజం కాదు.

ఏ పాత భాగానికైనా కింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉంటాయి. కింది హద్దు స్క్రాప్ ధర: ఇ-వేస్ట్ వాళ్లు తూకం లెక్కన ఇచ్చేది. పై హద్దు, దాని బదులు వాడుకోగలిగిన ఇంకోదాని ధర. ఇది చాలామంది మరిచిపోతారు. 30 పిన్నుల స్టిక్కులను ఇప్పుడు అభిరుచి ఉన్నవాళ్లు కొత్త బోర్డు మీద చేసి అమ్ముతున్నారు. పాత యాపిల్ 2, జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్లలో ఉండే 4116 మెమరీ చిప్పు పోతే, కాళ్లు కాస్త అటూ ఇటూ కలిపి 4164 చిప్పుతో నడిపించవచ్చు. 4116కు +12, +5, -5 అని మూడు వోల్టేజీలు కావాలి, 4164కు 5 వోల్టులు చాలు. ఇలా ప్రత్యామ్నాయం ఉన్నంతకాలం, నడపడానికి కొనేవాళ్ల దగ్గర పాత భాగం ధర ఎంతో పైకి పోలేదు. ఏ ప్రత్యామ్నాయమూ లేని చోట మాత్రం ధర అమ్మేవాడి చేతిలో ఉంటుంది. మాకింటాష్ ఐఐఎఫ్ఎక్స్‌కు 64 పిన్నుల ప్రత్యేకమైన స్టిక్కులే పట్టేవి. అలాంటి మెషీన్ ఉన్నవాళ్లతో బేరం వేరే లెక్క. మీ 386కు ఆ బాధ లేదు.

ఇక మార్కెట్ ధర చూడటం. వెబ్‌సైట్లో అమ్మకానికి పెట్టిన ధర అమ్మేవాడి ఆశ మాత్రమే. ఒక్కోటి రెండేళ్లు అలాగే పడి ఉంటుంది. ఈబేలో "సోల్డ్ ఐటమ్స్" అని ఎంచుకుంటే నిజంగా అమ్ముడుపోయినవాటి ధరలు కనిపిస్తాయి. పది పదిహేను చూసి, బాగా ఎక్కువవీ బాగా తక్కువవీ పక్కన పెట్టి, మధ్యలో గుంపుగా ఉన్నది తీసుకోండి. మన దేశంలో ఇది కష్టం. ఈబే ఇండియా 2018లోనే మూతపడింది, ఓఎల్ఎక్స్ లాంటి చోట చెప్పిన ధరే తప్ప చివరికి ఎంతకు తెగిందో తెలీదు. కాబట్టి విదేశీ ధరనే ఆధారంగా పెట్టుకుని ఇక్కడి ధరను దాంతో పోల్చాలి. పోల్చేటప్పుడు ఒకే రకం వాటినే పోల్చండి. ఆ రకం ఏదో స్టిక్కు మీదే రాసి ఉంటుంది.

స్టిక్కు మీద చిప్పులు లెక్కపెట్టండి. తొమ్మిది ఉంటే ఎనిమిది డేటాకు, ఒకటి పారిటీకి, అంటే డేటాలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి. ఎనిమిదే ఉంటే పారిటీ లేదు. అవి పాత మాకింటాష్‌లో బాగానే పనిచేస్తాయి. చాలా పీసీ బోర్డులు మాత్రం పారిటీ కావాలని అడుగుతాయి, బయోస్‌లో (ఆన్ చేయగానే వచ్చే బోర్డు సెట్టింగుల్లో) ఆపేసే వీలుంటే తప్ప మీకు పనికిరావు. మూడే చిప్పులు ఉన్న స్టిక్కు కూడా పారిటీ ఉన్నదే, రెండు పెద్దవి, ఒకటి చిన్నది. ఇది కొత్త తరం, కొన్ని పాత బోర్డులకు పడదు. మీ దగ్గర ఉన్నవి తొమ్మిది చిప్పులవైతే తొమ్మిది చిప్పులవే తీసుకోండి. ఒకే బ్యాంకులో, అంటే కలిసి పనిచేసే నాలుగు స్టిక్కుల జట్టులో, రెండు రకాలు కలపకండి.

తర్వాత చిప్పు మీద నెంబరు చదవండి. తొమ్మిది చిప్పుల మీదా 41256 లాంటి అంకెలు ఉంటే అది 256 కేబీ స్టిక్కు. 411000, 511000, 41సీ1000 లాంటివి ఉంటే 1 ఎంబీ. 514100, 41సీ4000 అయితే 4 ఎంబీ. ముందు వెనక అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి, మధ్యలో అంకెలే ముఖ్యం. ఇది ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే 256 కేబీదీ 1 ఎంబీదీ చేతిలో పెట్టుకుంటే ఒకేలా ఉంటాయి. గుట్టలోంచి తీసి ఇచ్చే షాపుల్లో తెలిసో తెలియకో ఒకదాని బదులు ఇంకోటి వచ్చేస్తుంది. చివర్లో గీత తర్వాత ఉండే 7, 70, 8, 80 లాంటి అంకె వేగం, నానో సెకన్లలో (7 అన్నా 70 అన్నా ఒకటే, 8 అంటే 80). ఎంత తక్కువ అంకె అయితే అంత వేగం. మీ స్టిక్కుల మీద ఎంత ఉందో అంతే లేదా అంతకన్నా తక్కువ ఉంటే చాలు. "ఇది 60, ఫాస్ట్" అని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. మీ 386 దాన్ని వాడుకోదు.

386డీఎక్స్ ఒకేసారి 32 బిట్లు చదువుతుంది, 30 పిన్నుల స్టిక్కు 8 బిట్లే ఇస్తుంది. అందుకే నాలుగూ ఒకే సైజువి, నాలుగూ మంచివి ఉంటేనే మెషీన్ లేస్తుంది. టెస్ట్ చేయని స్టిక్కు ధర తేల్చేటప్పుడు ఈ సంగతి చాలా ముఖ్యం. గుట్టలోంచి తీసినవాటిలో మూడింట రెండు వంతులు పనిచేస్తాయనుకుందాం, ఇది ఉదాహరణకే. మీరు కొన్న రెండూ పనిచేసే అవకాశం తొమ్మిదింట నాలుగు, అంటే సగం కన్నా తక్కువ. ఒకటి పోతే మళ్లీ హనుమకొండ నుంచి సికింద్రాబాద్ రావాలి. కాబట్టి టెస్ట్ చేయని దానికి, టెస్ట్ చేసిన దాని ధరలో సగం కూడా ఇవ్వకూడదు.

ఇప్పుడు మీ ఇద్దరు అమ్మకందార్ల లెక్క చూద్దాం. విదేశీ సెట్టులో 4 ఎంబీ స్టిక్కు ఒక్కోటి 11 డాలర్ల చిల్లర, సుమారు వెయ్యి రూపాయలు. టెస్ట్ చేసింది, మీకు కావలసిన దానికి నాలుగింతలు, పైగా నాలుగూ ఒకే రకం. మీ షాపాయన టెస్ట్ చేయని 1 ఎంబీకి అంతకన్నా ఎక్కువ అడుగుతున్నాడు. ఈ ఒక్క పోలికతోనే అది సరైన ధర కాదని తేలిపోతుంది. నా అంచనాలో 1 ఎంబీ స్టిక్కును మీ కళ్ల ముందే టెస్ట్ చేసి చూపిస్తే 400 నుంచి 500 ఇవ్వచ్చు. టెస్ట్ లేకుండా అయితే 150, మహా అయితే 200. టెస్ట్ లేకపోయినా పని చేయకపోతే వారంలో వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాసి ఇస్తే 350 దాకా పోవచ్చు. ఆయన్ని మోసగాడని అనుకోవాల్సిన పని లేదు. పాత సామాన్లు అమ్మేవాళ్లు షాపుకూ గోడౌన్‌కూ అద్దె కడతారు, నెలకు ఒక్కరు ఇలాంటిది అడిగితే గొప్ప. ఆ ఖర్చు ధరలో కొంత ఉండాలి. అయితే ఆయన మీకు ఇస్తున్న భరోసా ఏమిటన్నది కూడా ధరలో ఉండాలి కదా. ఇప్పుడైతే అదేమీ లేదు.

విదేశీ సెట్టు మొత్తం 70 డాలర్లు, అంటే ఆరు వేలు దాటుతుంది. దాని మీద కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ వాళ్ల ఛార్జీ పడతాయి. ఆర్డర్ పెట్టే ముందే కొరియర్‌ను అడిగి తెలుసుకోండి. పని చేయకపోతే తిప్పి పంపడానికి మళ్లీ అంత ఖర్చు, కాబట్టి రిటర్న్ ఉంది అన్న మాటను పెద్దగా లెక్కలోకి తీసుకోవద్దు. నాలుగు స్టిక్కుల దగ్గరి ఫొటోలు, టెస్ట్ చేసినప్పటి స్క్రీన్ ఫొటో అడగండి. దేంతో టెస్ట్ చేశారో కూడా అడగండి. మెషీన్ ఆన్ అయితే చాలు టెస్ట్ చేసినట్టే అని రాసేవాళ్లు ఉన్నారు. డాస్ రోజుల చెకిట్ లాంటి ప్రోగ్రామ్‌తోనో, ర్యామ్ టెస్టర్‌తోనో గంటసేపు నడిపి చూస్తేనే వేడెక్కాక తప్పు చేసే చిప్పు బయటపడుతుంది. మీ బోర్డుకు 4 ఎంబీ స్టిక్కులు పడతాయో లేదో మాన్యువల్‌లో చూడటం మరవద్దు. నాన్నగారి పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచి చూడటమే మీ ఉద్దేశమైతే, ముందున్న 4 ఎంబీతో అప్పుడు ఎలా నడిచిందో ఇప్పుడూ అలాగే నడుస్తుంది. విండోస్ 3.1 హాయిగా నడవాలంటే 16 ఎంబీ బాగుంటుంది. ఆ సుఖానికి ఆరేడు వేలు పెట్టాలా అన్నది మీ ఇష్టం, ధర మాత్రం తప్పు కాదు.

ఇక ట్రే. ఇక్కడ టెన్షన్ పడకుండా, ఆశ కూడా పడకుండా చూడాలి. ముందు చిప్పు నడుమ గుండ్రటి గాజు కిటికీ ఉందేమో చూడండి. ఉంటే అది ర్యామ్ కాదు, ఈప్రామ్. 1702, 2708, 2716 లాంటి నెంబర్లు ఉంటాయి. అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్లీ రాసుకునే చిప్పు అది. తెల్ల పింగాణీ, బంగారు మూత ఉన్నవాటిలో ఇవి కూడా ఉంటాయి. వీటికి కూడా సేకరించేవాళ్లున్నారు, కానీ "మెమరీ చిప్పు" అని ర్యామ్ ధర చెబితే కుదరదు. కిటికీ లేకపోయినా అది ప్రాసెసరో, లాజిక్ చిప్పో కావచ్చు. నెంబరే సాక్ష్యం.

నిజంగా సేకర్తలు వెతికే మెమరీ చిప్పు ఏదంటే ఇంటెల్ 1103. 1970 అక్టోబర్‌లో వచ్చింది, 18 కాళ్లు, 1,024 బిట్లు. మార్కెట్లో బాగా అమ్ముడై, అంతకుముందు వాడిన అయస్కాంత ఉంగరాల కోర్ మెమరీని వెనక్కి నెట్టిన మొదటి డీరామ్ (మీ స్టిక్కుల మీద ఉన్న ర్యామ్ రకం) అది. తెల్ల పింగాణీ, బంగారు మూతతో సి1103 అని ఉండి, కాళ్లు వంగకుండా, అచ్చు చెరగకుండా ఉంటే మంచి ధర పలుకుతుంది. ట్రేలో అలాంటివి నాలుగున్నా కథ మారుతుంది. తారీఖు చదవడం కూడా తెలియాలి. 7432 అని ఉంటే 1974లో 32వ వారం. ఇంటెల్ చిప్పుల మీద కాపీరైట్ గుర్తు పక్కన ఉండే సంవత్సరం మాత్రం తయారైన ఏడాది కాదు, డిజైన్‌ది. దాన్ని చూపించి పాతది అని అమ్ముతారు. ఇంకో మోసం, పై అచ్చును గీకేసి కొత్త అచ్చు వేయడం. నల్లటి ప్లాస్టిక్ చిప్పుల్లో ఇది ఎక్కువ. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే పైపూత నల్లగా అంటుకుంటుంది. అమ్మేవాడు ఒప్పుకుంటేనే చేయండి. నిజమైన అరుదైన చిప్పు మీద మాత్రం ఏ ద్రావకమూ పెట్టకండి, అచ్చు పోతే విలువ పోయినట్టే.

బంగారం సంగతి. మూత మీద ఉన్నది పలచటి పూత. చిప్పు చిప్పుకూ దాని పాలు మారుతుంది, దాన్ని తీయడానికి వాడే ఆమ్లాలు ఇంట్లో ముట్టుకోవలసినవి కావు. ఇ-వేస్ట్ కొనేవాళ్లను ఇద్దరు ముగ్గురిని "పింగాణీ బంగారు మూత చిప్పులు కిలో ఎంతకు తీసుకుంటారు" అని అడగండి. ట్రే తూచి దాంతో లెక్క వేస్తే కింది హద్దు వచ్చేస్తుంది. 20,000కూ దానికీ మధ్య ఉన్న తేడా అంతా యాంటిక్ అన్న మాటకు ఇస్తున్న డబ్బు. నెంబర్లు ఆ మాటను నిలబెడితే ఇవ్వండి, లేకపోతే లేదు.

హైదరాబాద్ పాత సామాన్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ నగరానికి చెందిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఒకప్పుడు టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది. దాని మెమరీ చిప్పులు కావు, ఆవగింజంత ఫెర్రైట్ ఉంగరాల్లోంచి సన్నటి తీగలు గుచ్చి అల్లిన చట్రాలు. ఒక్కో ఉంగరంలో ఒక్కో బిట్. చదివితే ఆ బిట్ చెరిగిపోతుంది, మెషీన్ మళ్లీ రాసుకోవాలి. అలాంటి చట్రం ఎక్కడైనా కనిపిస్తే దయచేసి తూకానికి పోనివ్వకండి. దాని ధర ఎలా కట్టాలంటే, తీగలు తెగాయా, చట్రం ఒక్కటే ఉందా లేక దొంతర మొత్తం దాని కార్డులతో సహా ఉందా, ఏ మెషీన్‌లోదో చెప్పే ప్లేటో కాగితమో ఉందా అని చూడాలి. విదేశీ సైట్లలో సోవియట్ కాలపు కోర్ చట్రాలు చాలానే అమ్ముడవుతుంటాయి, పోల్చడానికి అవి పనికొస్తాయి. కాని మన దగ్గర తయారైన దానికి ఆ పోలిక చాలదు. ఊరూ పేరూ రుజువైన ఈసీఐఎల్ చట్రానికి నేనైతే దాని కన్నా ఎక్కువే ఇస్తాను.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఇది. షాపుకు వెళ్లేటప్పుడు మీ నాలుగు స్టిక్కుల ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. తొమ్మిది చిప్పులవి, అవే అంకెలు ఉన్నవి మూడు ఏరండి, రెండు వాడటానికి, ఒకటి విడిగా ఉంచుకోవడానికి. మూడూ కలిపి 500 అని మొదలుపెట్టి, వెనక్కి తీసుకునే మాట ఇస్తే వెయ్యి దాకా పొండి. ఒప్పుకోకపోతే వదిలేసి విదేశీ సెట్టు తెప్పించుకోండి. స్టిక్కులను మామూలు ప్లాస్టిక్ కవర్లో వేసుకోకండి, మదర్‌బోర్డులతో వచ్చే వెండి రంగు యాంటీస్టాటిక్ కవర్ ఒకటి వెంట తీసుకెళ్లండి. ట్రేను పగటి వెలుతురులో, పక్క నుంచి దీపం పడేలా ఫొటోలు తీసి పంపించండి. నెంబర్లు చదవగలిగేలా ఉంటే ఒక్కో చిప్పు ఏమిటో, దేనికి ఎంత ఇవ్వచ్చో రాస్తాను.